కాలేయంలో కొవ్వు, మధుమేహం రెండూ ఉన్న స్త్రీలు బరువులు ఎత్తవచ్చునా?

తెనాలి టీచరమ్మ (జూన్)

సభ్యులందరికీ నమస్కారం. నా వయసు 52 సంవత్సరాలు. ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో పనిచేస్తున్నాను. మధుమేహం బయటపడి ఎనిమిదేళ్లు కావస్తోంది. మెట్‌ఫార్మిన్, దానితో పాటు ఉదయం టిఫినుకు ముందు గ్లిమిపిరైడ్ వేసుకుంటాను. మొన్నటి పరీక్షలో మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ 7.9 వచ్చింది. కడుపు స్కానింగ్ రిపోర్టులో గ్రేడ్ 2 ఫ్యాటీ లివర్ అని రాశారు. లివర్ ఎంజైములు ఎస్‌జీఓటీ 38, ఎస్‌జీపీటీ 54, ప్లేట్‌లెట్లు 2 లక్షల 60 వేలు. బరువు 58 కిలోలు, ఎత్తు 155 సెంటీమీటర్లు, నడుము చుట్టుకొలత 91 సెంటీమీటర్లు. చూసినవారెవరూ నన్ను లావు అనరు.

ఏళ్ల తరబడి తెల్లవారుజామున గంటసేపు నడుస్తూనే ఉన్నాను. ఈసారి డాక్టరు గారు నడక ఒక్కటే చాలదనీ, కండరాలకు బలాన్నిచ్చే వ్యాయామం మొదలుపెట్టమనీ చెప్పారు. బయట రోగులు బారులు తీరి ఉండడంతో ఏం చేయాలో, ఎంత చేయాలో వివరంగా అడగలేకపోయాను. ఇంట్లో ఈ మాట చెబితే మా ఆడపడుచు గారు, కాలేయానికి జబ్బు చేసినవాళ్లు విశ్రాంతి తీసుకోవాలి గాని బరువులెత్తడమేమిటనీ, ఆడవాళ్లు బరువులెత్తితే గర్భసంచి జారుతుందనీ అన్నారు. నాకు మోకాళ్ల నొప్పులున్నాయి. కుడి భుజం పట్టేసి జడ వేసుకోవడానికి కూడా చేయి పైకి లేవదు. ఊళ్లో జిమ్ ఉంది గాని, నాకు వీలయ్యే వేళల్లో అక్కడ అందరూ కుర్రవాళ్లే ఉంటారు. ఈ పరిస్థితుల్లో నేను బరువులు ఎత్తడం మంచిదేనా? మంచిదైతే ఇంట్లోనే ఎలా మొదలుపెట్టాలి?

గోదావరి గట్టు

అమ్మా, మీ ఆడపడుచు గారి మాటలో కొంత నిజం లేకపోలేదు. యాభై దాటిన స్త్రీకి నడక, మితాహారం చాలు. మా ఇంట్లో మా శ్రీమతికి కూడా ఈ రెండు జబ్బులూ ఉన్నాయి. ఆమె ఉదయాన్నే తిప్పతీగ కషాయం తాగుతుంది, సాయంత్రం గుడి చుట్టూ నడుస్తుంది. ఇల్లు ఊడ్చి తుడవడం, నీళ్ల బిందెలు మోయడం, బట్టలు పిండడం ఇవన్నీ కండరాలకు పని కాదా? పూర్వం మన ఆడవాళ్లు డంబెల్స్ ఎత్తి ఆరోగ్యంగా ఉన్నారా? ఇప్పుడు జిమ్‌ల వ్యాపారం కోసం పుట్టించిన మాట ఇది అని నా అభిప్రాయం.

విశాఖ డాక్టరమ్మ

టీచరమ్మ గారూ, మీరిచ్చిన అంకెల్లోనే మీ ప్రశ్నకు సగం జవాబు ఉంది కాబట్టి వాటితోనే మొదలుపెడతాను. మీ బీఎంఐ, అంటే ఎత్తుతో పోల్చి చూసే బరువు కొలత, 24 పైచిలుకు. ఐరోపా వారి లెక్కలో అది మామూలు బరువే, కాని భారతీయులకు 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం అని పరిగణిస్తారు. నడుము చుట్టుకొలత మన స్త్రీలకు 80 సెంటీమీటర్ల లోపు ఉండాలి, మీది 91 ఉంది. అంటే కాళ్లూ చేతులూ సన్నగా ఉండి, పొట్ట దగ్గర కొవ్వు చేరిన శరీరం మీది. పుణేకు చెందిన డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్ మన దేశస్థుల్లో ఈ లక్షణాన్ని చాలా కాలంగా అధ్యయనం చేస్తూ, పైకి సన్నగా కనిపించే భారతీయుల శరీరంలో కొవ్వు పాలు ఎక్కువగానూ కండ పాలు తక్కువగానూ ఉంటాయని చూపించారు. కాబట్టి మీ సమస్య కేవలం కొవ్వు ఎక్కువ కావడం కాదు, కండ తక్కువ కావడం కూడా.

భోజనం తరువాత రక్తంలోకి చేరిన గ్లూకోజును ఇన్సులిన్ సాయంతో అధికంగా తీసుకోవలసింది కండరాలే. గాదె చిన్నదైతే పండిన ధాన్యం వాకిట్లోనే మిగిలిపోయినట్లు, కండ తగ్గినకొద్దీ ఆ గ్లూకోజు రక్తంలోనే తిరుగుతుంది, కొంత కాలేయానికి చేరి అక్కడ కొవ్వుగా మారుతుంది. దీనికి తోడు ఇన్సులిన్ సరిగా పనిచేయనప్పుడు శరీరంలోని కొవ్వు కణాలు అదుపు లేకుండా కొవ్వు ఆమ్లాలను రక్తంలోకి వదులుతాయి. కాలేయంలో పేరుకునే కొవ్వులో సగానికి పైగా అలా వచ్చినదే. మనం తిన్న నూనె, నెయ్యి నుంచి నేరుగా చేరేది అంతకంటే చాలా తక్కువ. కండరం గట్టిగా పనిచేస్తున్నప్పుడు ఇన్సులిన్‌తో నిమిత్తం లేకుండానే గ్లూకోజును లోపలికి లాక్కుంటుంది. వ్యాయామం ముగిశాక కూడా ఒకటి రెండు రోజుల పాటు ఇన్సులిన్‌కు బాగా స్పందిస్తుంది. అందుకే రెండు రోజులకు మించి విరామం ఇవ్వవద్దని మధుమేహ మార్గదర్శకాలు చెబుతాయి.

రుజువు ఉందా అంటే ఉంది. కెనడాలో 251 మంది టైప్ 2 మధుమేహ రోగులపై జరిపి 2007లో ప్రచురించిన అధ్యయనంలో నడక వంటి వ్యాయామం చేసినవారికీ, బరువులతో చేసినవారికీ హెచ్‌బీఏ1సీ తగ్గింది. రెండూ కలిపి చేసినవారికి ఏ ఒక్కటి చేసినవారికంటే ఎక్కువ తగ్గింది. కాలేయం విషయానికొస్తే, ఇంగ్లండులోని న్యూకాసిల్ పరిశోధకులు 2011లో ప్రచురించిన చిన్న అధ్యయనంలో ఎనిమిది వారాల బరువుల వ్యాయామంతో, శరీర బరువు ఏమాత్రం తగ్గకపోయినా, కాలేయంలోని కొవ్వు అంతకు ముందున్న దానిలో 13 శాతం మేర తగ్గింది. అందులో పాల్గొన్నది 19 మందే కాబట్టి దాన్ని గొప్పగా చెప్పుకోకూడదు. బరువు తగ్గవలసినవారికి 7 నుంచి 10 శాతం తగ్గితే కాలేయానికి కలిగే మేలు దీనికంటే చాలా పెద్దది. అయితే మీలా తగ్గడానికి పెద్దగా బరువే లేని స్త్రీకి ఆ చిన్న అధ్యయనం చాలా విలువైనది.

ఇక కాలేయ జబ్బు అనగానే విశ్రాంతి అనుకోవడం కామెర్లకు మంచం పట్టించిన కాలం నాటి అలవాటు. స్కానింగులో రాసే గ్రేడ్ కొవ్వు ఎంత ఉందో చెబుతుంది గాని, కాలేయం ఎంత గట్టిపడిందో చెప్పదు. గట్టిపడడాన్ని అంచనా వేయడానికి ఫిబ్-4 అనే లెక్క ఉంది. వయసును ఎస్‌జీఓటీతో గుణించి, దాన్ని ప్లేట్‌లెట్ల సంఖ్య, ఎస్‌జీపీటీ వర్గమూలం, ఈ రెండింటి లబ్ధంతో భాగించాలి. ప్లేట్‌లెట్లను వేలల్లో తీసుకోవాలి కాబట్టి మీకు 260. మీ అంకెలతో లెక్క వేస్తే 1.03 వస్తుంది. 1.3 కంటే తక్కువైతే ప్రస్తుతానికి ముప్పు తక్కువని అర్థం. 2.67 దాటితే కాలేయ నిపుణులను చూడాలి. మధ్యలో ఉన్నవారికి కాలేయం ఎంత గట్టిపడిందో కొలిచే ఫైబ్రోస్కాన్ చేయిస్తారు. 65 దాటినవారికి కింది హద్దు 2.0గా తీసుకుంటారు. మీకు వ్యాయామం నిషేధించవలసిన పరిస్థితి ఈ అంకెల్లో కనబడడం లేదు.

గోదావరి గట్టు గారూ, మీ శ్రీమతి గారి నడక ఎంతో మంచిది, మానవద్దు. కాని తిప్పతీగ కషాయం గురించి ఆమె వైద్యులకు తప్పక చెప్పండి. దాన్ని వాడినవారిలో కాలేయం దెబ్బతిన్న సంఘటనలు మన దేశపు వైద్యుల నుంచే వైద్య పత్రికల్లో వచ్చాయి. అశ్వగంధ విషయంలోనూ అలాంటివి ఉన్నాయి. ఇప్పటికే జబ్బున్న కాలేయంపై ఆ ప్రయోగం ఎందుకు?

మాదాపూర్ మజిలీ

నా వయసు 34. పీసీఓఎస్ (అండాశయాల హార్మోన్ సమస్య) ఉంది, గర్భంతో ఉన్నప్పుడు షుగర్ వచ్చి తరువాత అది ఉండిపోయింది. ఆఫీసు వైద్య పరీక్షల్లో ఫ్యాటీ లివర్ కూడా బయటపడింది. హైదరాబాద్ ఐటీ ఉద్యోగులు 345 మందిని పరీక్షిస్తే 84 శాతం మందిలో కాలేయంలో కొవ్వు ఉందని 2025లో వచ్చిన అధ్యయనం చెప్పింది కాబట్టి మా అంతస్తులో నేనొక్కదాన్నే కాదని ధైర్యం తెచ్చుకున్నాను, అది ఎలాంటి ధైర్యమో నాకే తెలియదు.

ఇంటి పని చాలదా అన్న ప్రశ్నకు నా సమాధానం చెబుతాను. ఇంటి పనిలో అలసట ఉంటుంది గాని, బరువు ఎప్పుడూ ఒక్కటే ఉంటుంది. నిరుడు మోసిన బిందెనే ఈ ఏడూ మోస్తాము. కండరానికి క్రమంగా పని పెంచితేనే అది బలపడుతుంది. పైగా ఆ పని చేసేటప్పుడు నడుము వంచి, ఒకే చేతితో, హడావిడిగా చేస్తాము కాబట్టి నొప్పులు వస్తాయి తప్ప బలం రాదు. మా కాలనీ పార్కులో ఓపెన్ జిమ్ పరికరాలున్నాయి, కాని వాటిలో చాలావరకు బరువు పెంచుకునే వీలు లేదు. కీళ్లు కదలడానికి బాగుంటాయి, కొన్నాళ్ల తరువాత కండరాలకు చాలవు.

జిమ్‌లో చేరాలనుకునే చెల్లెళ్లకు ఒక మాట. అక్కడి శిక్షకుడికి మీకు మధుమేహం ఉందని, ఏ మాత్రలు వేసుకుంటున్నారో ముందే చెప్పండి. ఆడవాళ్లు అనగానే ట్రెడ్‌మిల్ మీద వదిలేసి, గులాబీ రంగు అరకిలో డంబెల్స్ చేతిలో పెట్టి పంపేసేవారు ఎక్కువ. ఒక్క కిలోతో నలభై సార్లు ఊపడం కంటే అయిదు కిలోలతో పదిసార్లు నిదానంగా ఎత్తడమే మనకు కావలసింది.

వరంగల్ ఫిజియో

టీచరమ్మ గారూ, ఇంట్లోనే ప్రారంభించవచ్చు. ముందుగా మీ బలం ఎంతో ఒకసారి చూసుకోండి. చేతులు ఛాతీకి అడ్డంగా కట్టుకుని, మామూలు ఎత్తున్న కుర్చీలోంచి అయిదుసార్లు లేచి కూర్చోండి. ఆసియా దేశాల నిపుణుల బృందం 2019లో ఇచ్చిన ప్రమాణం ప్రకారం దీనికి 12 సెకన్లు, అంతకు మించి పడితే కండరాల సామర్థ్యం తగ్గినట్లు అనుమానించాలి. మీ సమయాన్ని ఒక కాగితం మీద రాసి ఉంచుకోండి, అది మీ మొదటి కొలత.

ఆ పరీక్షే మీ మొదటి వ్యాయామం కూడా. మోకాళ్లు నొప్పి కాబట్టి కుర్చీ మీద ఒక గట్టి దిండు వేసి ఎత్తు పెంచండి, పాదాలు కాస్త ఎడంగా పెట్టి, మడమల మీద బరువు ఆనించి లేవండి, కూర్చునేటప్పుడు ధబాలున పడకుండా మూడు లెక్కపెడుతూ నిదానంగా దిగండి. కొన్ని వారాలకు దిండు తీసేయండి, ఆ తరువాత ఛాతీ దగ్గర ఒక బరువు పట్టుకుని చేయండి. తొడ ముందరి కండరం బలపడితే మోకాలి నొప్పి సాధారణంగా తగ్గుతుంది, పెరగదు. రెండవది, గోడకు అడుగున్నర దూరంలో నిలబడి చేతులు ఆనించి చేసే దండీలు. గోడ తేలికైపోయాక వంటగది గట్టు మీద చేయవచ్చు. మూడవది, వెల్లకిలా పడుకుని మోకాళ్లు ముడిచి పిరుదులు పైకి లేపడం. నాలుగవది, కిటికీ ఊచకు రబ్బరు బ్యాండ్ కట్టి, దాని రెండు కొసలూ పట్టుకుని మోచేతులు వెనక్కి వచ్చేలా లాగడం. నల్లబల్ల ముందు చేయి చాచి, పుస్తకాల మీద వంగి గడిపే మీ వృత్తివారికి ఈ నాలుగవది ఎంతో అవసరం. చివరగా గోడ పట్టుకుని మడమలెత్తడం, ఆ తరువాత రెండు చేతుల్లో సమానమైన బరువుతో నిటారుగా వరండాలో అటూ ఇటూ నడవడం. నీళ్ల సీసాలు వాడితే లీటరుకు కిలో లెక్క. రెండు లీటర్ల సీసాలతో మొదలై అయిదు లీటర్ల డబ్బాల దాకా వెళ్లవచ్చు.

ఒక్కొక్కటి 10 నుంచి 15 సార్లు చేస్తే ఒక సెట్. మొదటి రెండు మూడు వారాలు ఒకటే సెట్ చేసి, తరువాత రెండు చేయండి. వారంలో రెండు మూడు రోజులు, ఒకరోజు విడిచి ఒకరోజు చేయాలి. మిగిలిన రోజుల్లో మీ నడక మీకు ఉంది. సెట్ ముగిసేసరికి ఇంకో రెండు మూడు సార్లు మాత్రమే చేయగలనని అనిపించాలి. 15 సార్లు చేశాక కూడా హాయిగా మాట్లాడగలుగుతున్నారంటే బరువు చాలదు. ఎత్తేటప్పుడు ఊపిరి వదలాలి, దించేటప్పుడు పీల్చాలి. పళ్లు బిగించి ఊపిరి బిగబట్టి ఎత్తడం మాత్రం వద్దు, రక్తపోటు ఒక్కసారిగా పెరుగుతుంది.

మీ భుజం సంగతి వేరు. మధుమేహం ఉన్నవారిలో భుజం కీలు బిగుసుకుపోవడం మిగతావారికంటే చాలా ఎక్కువ. చేయి పైకి లేవని దశలో తల మీదుగా బరువులెత్తే వ్యాయామాలు పెట్టుకోకండి, దగ్గరలో ఉన్న ఫిజియోథెరపిస్టుకు ఒకసారి చూపించండి. గర్భసంచి భయం గురించి కూడా చెప్పాలి. ఆరోగ్యంగా ఉన్న స్త్రీకి ఊపిరి వదులుతూ, క్రమంగా పెంచుకుంటూ చేసే ఈ వ్యాయామాల వల్ల గర్భసంచి జారుతుందని భయపడనక్కరలేదు. ఇప్పటికే జారినవారు, దగ్గినా తుమ్మినా మూత్రం పడేవారు మాత్రం ముందు స్త్రీ వైద్యురాలిని కలిసి, కటి కండరాలను బిగించే అభ్యాసం నేర్చుకుని ఆ తరువాత బరువుల దగ్గరికి రావాలి.

అనంతపురం అమ్మమ్మ

అమ్మా ఫిజియో గారూ, నాకు 67 ఏళ్లు. రెండు పూటలా ఇన్సులిన్ వేసుకుంటాను. కంటిలో రక్తనాళాలు చిట్లాయని ఒక కంటికి లేజర్ చేశారు, రెండో కంటికి ఇంకా చేయాలన్నారు. అరికాళ్లు మొద్దుబారి చెప్పు జారిపోయినా తెలియదు. మా కోడలు ఈ చర్చ చదివి వినిపించి, అత్తయ్యా మీరు కూడా చేయండి అంటోంది. నేను చేయవచ్చా?

విశాఖ డాక్టరమ్మ

అమ్మా, మీరు ఇప్పుడే మొదలుపెట్టవద్దు. కంటిలో కొత్త రక్తనాళాలు పుట్టి, చికిత్స పూర్తికాని దశలో బరువులెత్తినా, ముక్కినా, తల కిందికి వంచినా కంటిలో రక్తస్రావం అయ్యే ప్రమాదం ఉంది. రెండో కంటి లేజర్ పూర్తయి, కంటి వైద్యులు సరేనన్న తరువాతే బరువుల మాట. అప్పటిదాకా కుర్చీలో కూర్చుని కాళ్లు చాచడం, నెమ్మదిగా నడవడం వంటివి వారిని అడిగి చేయండి. అరికాళ్ల స్పర్శ లేదు కాబట్టి ఇంట్లో కూడా మెత్తని, వెనక పట్టీ ఉన్న చెప్పులు వేసుకోవాలి. రోజూ రాత్రి కోడలి చేత పాదాలు చూపించుకోవాలి.

మిగతావారు కూడా గమనించండి. ఏడాదిగా కంటి లోపలి పొర (రెటీనా) పరీక్ష చేయించుకోని మధుమేహ రోగులు బరువులు కొనేముందు ఆ పరీక్ష చేయించుకోండి. నడిచేటప్పుడు ఛాతీలో బిగువు, ఆయాసం ఉన్నవారు గుండె పరీక్ష చేయించుకోవాలి. ఫ్యాటీ లివర్ ముదిరి సిర్రోసిస్, అంటే కాలేయం పూర్తిగా గట్టిపడే దశ దాకా వెళ్లినవారికి అన్నవాహికలో ఉబ్బిన రక్తనాళాలు ఉండవచ్చు. వారికి కూడా కండరాల వ్యాయామం అవసరమే, కాని ఏ మేరకు అన్నది కాలేయ నిపుణులే చెప్పాలి.

మందుల విషయం. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవారికి వ్యాయామంలో షుగర్ పడిపోవడం అరుదు. గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్, ఇన్సులిన్ వాడేవారికి పడిపోవచ్చు. వారు వ్యాయామానికి ముందు గ్లూకోమీటరుతో చూసుకుని 90 కంటే తక్కువ ఉంటే చిన్న అరటిపండు వంటిది తిని మొదలుపెట్టాలి. వణుకు, చెమట, కళ్లు తిరగడం వంటివి వచ్చి 70 కంటే తగ్గితే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలుపుకుని తాగి, పావుగంటలో మళ్లీ చూసుకోవాలి. కొందరికి ఆ రాత్రి నిద్రలో కూడా తగ్గవచ్చు.

నిర్వాహకులు

సభ్యులకు మనవి. ఇన్సులిన్ మోతాదులు ఎంత తగ్గించుకోవాలంటూ వచ్చిన రెండు వ్యాఖ్యలను తొలగించాము. మోతాదు మార్పులు ఎవరి వైద్యులు వారికే చెప్పాలి. మిగతా చర్చ కొనసాగించవచ్చు.

డల్లాస్ కోడలు

నేను అమెరికాలో ఉంటాను. మధుమేహానికీ బరువుకూ కలిపి వారానికోసారి వేసుకునే సెమాగ్లుటైడ్ ఇంజెక్షన్ వాడుతున్నాను. ఈ మధ్య మన దేశంలోనూ ఈ రకం మందులు విరివిగా వస్తున్నాయి కాబట్టి చెబుతున్నాను. దీనితో ఆకలి బాగా తగ్గిపోతుంది, బరువు దిగుతుంది, కాని దిగినదంతా కొవ్వు కాదు, అందులో కండ కూడా పోతుంది. అందుకే మా వైద్యురాలు బరువుల వ్యాయామాన్నీ మాంసకృత్తులనూ మందుతో సమానంగా చూడమన్నారు. నేను శాకాహారిని. ఆకలే లేనప్పుడు పప్పన్నం ముందు పెట్టుకుంటే అన్నమే పోతుంది, పప్పు మిగిలిపోతుంది. మాంసకృత్తులను ఎలా సరిచూసుకోవాలో చెప్పగలరా?

గోదావరి గట్టు

మాంసకృత్తులు ఎక్కువైతే మూత్రపిండాలు పాడవుతాయని విన్నాను. పైగా మా శ్రీమతి నిరుడు కొన్నాళ్లు మా అమ్మాయి మాట మీద బ్యాండ్లతో చేసింది. ఒక్క కిలో కూడా తగ్గలేదు, మానేసింది. ఫలితం లేని పనికి ఇంత శ్రమ ఎందుకన్నదే నా ప్రశ్న.

విశాఖ డాక్టరమ్మ

రెండింటికీ కలిపి జవాబు రాస్తాను. మన జాతీయ పోషకాహార సంస్థ హైదరాబాద్‌లోనే ఉంది. వారు 2020లో ఇచ్చిన సిఫారసు ప్రకారం ఆరోగ్యవంతులకు శరీర బరువులో కిలోకు రోజుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు కావాలి. 60 కిలోల స్త్రీకి ఇది 50 గ్రాములు. కండ పెంచుకునేవారికీ, వయసు మళ్లినవారికీ కొంత ఎక్కువ అవసరం. 100 గ్రాముల పచ్చి కందిపప్పులో సుమారు 22 గ్రాములుంటాయి, కాని మనం పూటకు వాడుకునేది 25, 30 గ్రాములే కాబట్టి అందేది ఆరేడు గ్రాములు. గుడ్డులోనూ ఇంచుమించు అంతే. అందువల్ల శాకాహారులు ఒక్క పప్పు మీదే ఆధారపడకుండా ఉదయం పెసరట్టు, మధ్యాహ్నం గట్టి పెరుగు, సాయంత్రం ఉడికించిన శనగలు లేదా ఉలవలు, రాత్రికి పనీరు లేదా సోయా, ఇలా ప్రతి పూటా ఏదో ఒకటి ఉండేలా చూసుకోవాలి. డల్లాస్ కోడలు గారు చెప్పినట్లు అన్నం కడుపు నింపేస్తుంది కాబట్టి ముందు పప్పు, కూర తిని ఆ తరువాత అన్నం కలుపుకోవడం మేలు. ఆరోగ్యంగా ఉన్న మూత్రపిండాలకు ఈ మోతాదు హాని చేయదు. మూత్రపిండాలు దెబ్బతిని మూత్రంలో ఆల్బుమిన్ అనే మాంసకృత్తు పోతున్నవారు, రక్తంలో క్రియాటినిన్ పెరిగినవారు మాత్రం తమ వైద్యులు చెప్పినంతే తినాలి.

మీ శ్రీమతి గారి కిలోల సంగతి. తూకం యంత్రానికి కండకూ కొవ్వుకూ తేడా తెలియదు. ఒక కిలో కొవ్వు పోయి ఒక కిలో కండ చేరితే ముల్లు కదలదు, కాని ఆమె శరీరంలో చాలా మారినట్లే. నెలసరి ఆగిపోయిన తరువాత స్త్రీలలో కొవ్వు తుంటి నుంచి పొట్టకు మళ్లుతుంది, కండ, ఎముక రెండూ తగ్గుతాయి, కాలేయంలో కొవ్వు చేరే ముప్పు అప్పటి నుంచే పెరుగుతుంది. ఆ వయసులో బరువు నిలకడగా ఉండి నడుము తగ్గడమంటే మంచి ఫలితమే. ఆమె నడుము కొలిచారా? మూడు నెలల షుగర్ చూశారా? కుర్చీలోంచి లేచే సమయం చూశారా? ఇవేవీ చూడకుండా ఫలితం లేదనడం తొందరపాటు.

మాదాపూర్ మజిలీ

నాదొక ప్రశ్న. నడక తరువాత షుగర్ తగ్గుతోంది గాని, బరువుల తరువాత వెంటనే చూస్తే 140 ఉన్నది 170 దాకా వెళుతోంది. ఇది హాని కాదా?

విశాఖ డాక్టరమ్మ

కాదు. గట్టి శ్రమ చేసినప్పుడు అడ్రినలిన్ వంటి హార్మోన్ల ప్రభావంతో కాలేయం నిల్వ ఉన్న గ్లూకోజును వదులుతుంది. ఒకటి రెండు గంటల్లో అది దిగిపోతుంది. ఆ అంకెను చూసి వ్యాయామం మానేవారు చాలామంది ఉన్నారు. మరునాటి ఉదయపు అంకెను, మూడు నెలల హెచ్‌బీఏ1సీని చూడండి.

తెనాలి టీచరమ్మ (అక్టోబరు)

అందరికీ మళ్లీ నమస్కారం. మీరు చెప్పినట్లే మొదలుపెట్టాను. కుర్చీ మీద దిండు తీసేశాను. మా పాఠశాల మెట్లు రెయిలింగ్ పట్టుకోకుండా ఎక్కుతున్నాను. మధ్యలో రెండుసార్లు పదకొండు గంటల వేళ షుగర్ 70 కంటే తగ్గితే డాక్టరు గారు గ్లిమిపిరైడ్ సగానికి తగ్గించారు. భుజానికి ఫిజియో దగ్గర చికిత్స జరుగుతోంది.

అంతా బాగుందనుకుంటుండగా నిన్న రక్తపరీక్ష రిపోర్టు చూసి గుండె జారింది. ఎస్‌జీఓటీ 64, ఎస్‌జీపీటీ 66 వచ్చాయి. ప్లేట్‌లెట్లు అలాగే ఉన్నాయి. డాక్టరమ్మ గారు చెప్పిన ఫిబ్-4 నేనే లెక్కవేసుకుంటే 1.58 వచ్చింది. మా ఆడపడుచు గారు కాలేయం మీద బరువు పడిందని ఒకటే మాట. మా డాక్టరు గారు ఊళ్లో లేరు, వచ్చే సోమవారం దాకా ఆగాలి. రక్తం ఇవ్వడానికి రెండు రోజుల ముందే అయిదు లీటర్ల డబ్బాలకు మారాను, ఒళ్లంతా నొప్పులుగా కూడా ఉంది. ఈ రెండింటికీ సంబంధం ఉందా?

విశాఖ డాక్టరమ్మ

సంబంధం ఉండే అవకాశం చాలా ఎక్కువ. ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీలను లివర్ పరీక్షలని పిలుస్తాము గాని, ఆ రెండు ఎంజైములూ కండరాల్లో కూడా ఉంటాయి. ముఖ్యంగా ఎస్‌జీఓటీ ఎక్కువగా ఉంటుంది. అలవాటు లేని బరువు ఎత్తినప్పుడు కండర తంతువులు కొద్దిగా చీలి, ఈ ఎంజైములు రక్తంలోకి వస్తాయి. ఆరోగ్యవంతులైన పురుషుల చేత బరువులెత్తించి పరీక్షించిన ఒక అధ్యయనంలో ఈ అంకెలు కనీసం వారం రోజుల పాటు ఎక్కువగానే ఉన్నాయి. మీ రిపోర్టులో ఎస్‌జీపీటీ కొద్దిగా పెరగడం, ఎస్‌జీఓటీ ఒక్కసారిగా పెరిగి దాన్ని అందుకోవడం కండరం వైపే వేలు చూపుతోంది. ఫిబ్-4 లెక్కలో ఎస్‌జీఓటీ పైన ఉంటుంది కాబట్టి అది పెరిగితే ఆ ఫలితమూ పెరుగుతుంది. మీ 1.58 ఆ కారణంగా వచ్చినదే కావచ్చు.

సోమవారం మీ డాక్టరు గారిని రెండు పరీక్షలు అడగండి. ఒకటి క్రియాటిన్ కైనేజ్, అంటే సీకే. అది కండరం నుంచి వచ్చేది. రెండవది జీజీటీ, అది కండరంలో ఉండదు, కాలేయం, పిత్తనాళాల సమస్యల్లో పెరుగుతుంది. సీకే ఎక్కువగా ఉండి జీజీటీ మామూలుగా ఉంటే, వారం పాటు బరువులు మాని మళ్లీ అన్నీ చేయించండి. మీరు కొలెస్టరాలుకు స్టాటిన్ మాత్ర వేసుకుంటుంటే ఆ సంగతీ వారికి గుర్తు చేయండి, దానివల్ల కూడా కండరాల నొప్పి, సీకే పెరగడం ఉండవచ్చు. మూత్రం కోలా రంగులోకి మారితే, కండరాలు వాచి కదల్లేని స్థితి వస్తే మాత్రం సోమవారం దాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి. ఇక ముందు రక్తపరీక్షకు వారం ముందు నుంచీ బరువులు పెంచకండి, వీలైతే చేయకండి, నడక చాలు. ఈ ఒక్క సంగతి తెలియక మంచి వ్యాయామాన్ని వదిలేసినవారిని నా ప్రాక్టీసులో చూశాను.

తెనాలి టీచరమ్మ (అక్టోబరు చివర)

డాక్టరమ్మ గారికి ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. సీకే ఎక్కువగా, 410 వచ్చింది, జీజీటీ మామూలుగానే ఉంది. వారం ఆగి మళ్లీ చేయిస్తే ఎస్‌జీఓటీ 33, ఎస్‌జీపీటీ 41. హెచ్‌బీఏ1సీ 7.3. బరువు అదే 58 కిలోలు, నడుము 88 సెంటీమీటర్లు. మా డాక్టరు గారు కొనసాగించమన్నారు. ఆడపడుచు గారు రిపోర్టు చూసి ఏమీ అనలేదు గాని, నిన్న సాయంత్రం నా బ్యాండ్ ఎక్కడ కొన్నానని అడిగారు. వారం పైగా మానేశాను కాబట్టి మళ్లీ అయిదు లీటర్ల డబ్బాలతోనే మొదలుపెట్టవచ్చా?

వరంగల్ ఫిజియో

వద్దండీ. మూడు లీటర్లకు దిగి, ఒక్కొక్కటి ఒకే సెట్ చేయండి. మరునాడు నొప్పి లేకపోతే రెండో సెట్ కలపండి, ఆ పై వారం నాలుగు లీటర్లకు, తరువాత అయిదుకు వెళ్లండి. డబ్బాలో నీళ్లు ఎంత కావాలంటే అంత పోసుకోవచ్చు కాబట్టి ఒకేసారి రెట్టింపు చేయవలసిన అవసరం లేదు. మీ ఆడపడుచు గారికి కొనేటప్పుడు అన్నిటికంటే పలచని బ్యాండ్ తీసుకోండి, ఆవిడకు రక్తపోటు ఉంటే మొదలుపెట్టేముందు ఒకసారి చూపించుకోమనండి.